రాజిమ్ పండితుడు, బిలాస్‌పూర్ విశ్వవిద్యాలయం

ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కార్యాలయం ఉన్న బిలాస్‌పూర్‌లో రెండు విశ్వవిద్యాలయాల పేర్లు ఛత్తీస్‌గఢ్ సామాజిక చరిత్రలోని రెండు ఘట్టాలను గుర్తుచేస్తాయి. 1983లో ఏర్పడి 2009లో కేంద్రీయ విశ్వవిద్యాలయంగా మారిన సంస్థకు గురు ఘాసీదాస్ పేరు, 2005లో మొదలైన సార్వత్రిక విశ్వవిద్యాలయానికి పండిత సుందర్‌లాల్ శర్మ పేరు పెట్టారు. ఘాసీదాస్ అంటరానివారిగా లెక్కించిన కులంలో పుట్టి, కులభేదాన్నీ విగ్రహారాధననూ తిరస్కరిస్తూ 19వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో సత్‌నామీ పంథాను స్థాపించిన గురువు కాగా, శర్మ ఒక శతాబ్దం తరవాత అదే సత్‌నామీల పక్షాన నిలిచి సొంత కులంవారి ఆగ్రహానికి గురైన బ్రాహ్మణ కవి. రైల్వే ఉద్యోగాలతో వచ్చి బిలాస్‌పూర్‌లో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ పేర్లను నిత్యం వింటూనే ఉన్నా, ఆంధ్ర, తెలంగాణల్లోని పాఠకులకు శర్మ జీవితం అంతగా పరిచయం లేదు. స్వరాజ్యం, మాతృభాష, కుల సమానత్వం అనే మూడింటినీ విడదీయకుండా ఒకే జీవితంలో సాధన చేయబూనిన వ్యక్తిగా ఆయనను అర్థం చేసుకోవాలి.

మాల్గుజారు ఇంటి నుంచి

సుందర్‌లాల్ శర్మ 1881 డిసెంబరు 21న, మహానది తీరంలోని రాజిమ్ పుణ్యక్షేత్రానికి దగ్గరలో ఉన్న చమ్‌సూర్ గ్రామంలో జన్మించారు. అంతకు పది రోజుల ముందే, అంటే అదే నెల 11న, రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించారు. దేశంలోని వేర్వేరు ప్రాంతాల్లో సంస్కరణ భావాలు ఎవరి భాషలో వారికి, ఎవరి సమస్యల చుట్టూ వారికి రూపుదిద్దుకుంటున్న కాలమది. శర్మ తండ్రి జియాలాల్ తివారీ కాంకేర్ సంస్థానానికి న్యాయ సలహాదారు, గ్రామాల మీద హక్కులున్న మాల్గుజారు. మాల్గుజారు అంటే సెంట్రల్ ప్రావిన్సెస్‌లో రైతుల నుంచి శిస్తు వసూలు చేసి సర్కారుకు జమకట్టే భూస్వామి. తెలుగు జిల్లాల జమీందారుకు చిన్న రూపమని చెప్పవచ్చు. ఇంత కలిగిన కుటుంబంలో పుట్టినా శర్మ బడి చదువు గ్రామ పాఠశాల దగ్గరే ఆగిపోయింది. ఆ తరవాత సంస్కృతం, మరాఠీ, బెంగాలీ, ఒడియా, ఇంగ్లీషు ఇంటి దగ్గరే నేర్చుకున్నారు. తిలక్ నడిపిన ‘కేసరి’ వంటి పత్రికలు రాజకీయాల వైపు ఆయన దృష్టిని మళ్లించాయి.

పల్లె పలుకుకు కావ్యగౌరవం

శర్మ మొదట కవిగానే పేరు తెచ్చుకున్నారు. హిందీలో, వ్రజభాషలో రాయగల పాండిత్యం ఉన్నా, ఆయనకు శాశ్వత కీర్తి తెచ్చినది ఛత్తీస్‌గఢీలో రాసిన ‘దానలీల’ అనే కావ్యం. ఛత్తీస్‌గఢీ తూర్పు హిందీ శాఖకు చెందిన భాష. హీరాలాల్ కావ్యోపాధ్యాయ 1885లోనే దానికి వ్యాకరణం రాసినప్పటికీ, చదువుకున్నవారు దానిని పొలాల్లో, సంతల్లో మాట్లాడుకునే మాటగానే చూసేవారు. పాలు, పెరుగు అమ్ముకోవడానికి వెళ్తున్న గోపికలను కృష్ణుడు దారిలో అడ్డగించి సుంకం అడిగే కథ ఉత్తరాది భక్తి సాహిత్యంలో పాతదే అయినా, శర్మ కావ్యంలోని గోపికలు మహానది ఒడ్డు పల్లెల ఆడవాళ్లలాగా మాట్లాడుతూ, వాదిస్తూ, వెక్కిరిస్తూ కనిపిస్తారు. కావ్యమంటే పండితుల భాషలోనే ఉండాలన్న నమ్మకాన్ని ఇది కదిలించింది. ఇంచుమించు అదే కాలంలో తెలుగులో గురజాడ అప్పారావు, గిడుగు రామమూర్తి వాడుక భాష కోసం సాగించిన పోరాటం తెలిసిన పాఠకుడికి శర్మ ప్రయత్నం కొత్తగా అనిపించదు. అయితే తెలుగువారికి వేయేళ్ల సాహిత్య సంప్రదాయం ముందే ఉంది. ఛత్తీస్‌గఢీకి అటువంటి లిఖిత సంప్రదాయం లేనందువల్ల, ఆ భాషలో కావ్యం రాయడమే ఒక వాదనగా నిలిచింది. 1918 నాటికే ఆయన తన రాతప్రతుల్లో ఛత్తీస్‌గఢ్‌ను ప్రత్యేక ప్రాంతంగా ఊహించారని చెబుతారు. ఆ రాష్ట్రం ఏర్పడింది 2000 నవంబరు 1న.

కండేల్ కాలువ నీళ్లు

1907లో అతివాదులు, మితవాదులు చీలిపోయిన సూరత్ కాంగ్రెస్ సభలకు శర్మ హాజరయ్యారు. విదేశీ వస్తువులను మాని దేశీయ వస్తువులే వాడాలన్న స్వదేశీ ప్రచారాన్ని ఆయన ఉపన్యాసాలతో సరిపెట్టలేదు. మిత్రులతో కలిసి ఛత్తీస్‌గఢ్ పట్టణాల్లో స్వదేశీ దుకాణాలు తెరిచారు. వాటిలో వచ్చిన నష్టాన్ని సొంత ఆస్తి నుంచి భరించారు.

ఆయన రాజకీయ జీవితంలో అందరికీ గుర్తుండిపోయినది 1920 నాటి కండేల్ కాలువ సత్యాగ్రహం. ధమ్‌తరీ దగ్గరి కండేల్ గ్రామంలోంచి మహానది కాలువ పోతుంది. నీటి కోసం పదేళ్ల ఒప్పందం రాసివ్వాలని నీటిపారుదల శాఖ ఒత్తిడి చేస్తే, అంత సొమ్ముతో ఊరికి సొంత చెరువే తవ్వించుకోవచ్చునని రైతులు నిరాకరించారు. ఆ తరవాత వాళ్లు కాలువ నీళ్లు దొంగిలించారని ఆరోపించి అధికారులు నాలుగు వేల రూపాయలకు పైగా జరిమానా వేశారు. ఊరంతా కట్టబోమని చెప్పడంతో పశువులను జప్తు చేసి వేలం కోసం సంత వెంట సంతకు తోలుకుపోయారు. కానీ ఏ సంతలోనూ పాట పాడేవాడు ముందుకు రాలేదు. మేతా నీళ్లూ చాలక పశువులు నీరసించిపోతుంటే, ఆ భారం సర్కారు మీదే పడింది. ఛోటేలాల్ శ్రీవాస్తవ, నారాయణరావు మేఘావాలేలతో కలిసి ఈ ఉద్యమాన్ని నడిపించిన శర్మ, గాంధీజీని ఆహ్వానించడానికి స్వయంగా కలకత్తా వెళ్లారు. గాంధీజీ 1920 డిసెంబరు 20న షౌకత్ అలీతో కలిసి రాయ్‌పూర్ చేరేసరికే ప్రభుత్వం జరిమానాను రద్దు చేసింది. ఆ మరుసటి వారమే సహాయ నిరాకరణ తీర్మానాన్ని ధ్రువపరిచిన నాగ్‌పూర్ కాంగ్రెస్ జరిగిందన్న సంగతి గమనిస్తే, జాతీయ కార్యక్రమం దిగివచ్చేదాకా ఆగకుండా రైతులు తమ పద్ధతిని తామే ఎంచుకున్నారని తెలుస్తుంది.

కృష్ణుడు పుట్టినచోటు

1922 ఆరంభంలో ధమ్‌తరీకి దక్షిణాన సిహావా, నగరీ ప్రాంతాల్లో అడవి సత్యాగ్రహం మొదలైంది. కట్టెలు కొట్టుకోవడం, పశువులను మేపుకోవడం వంటి పాత అలవాట్లను అటవీ శాఖ నేరాలుగా మార్చగా, ఆదివాసులు, రైతులు ఆ నిబంధనలను బాహాటంగా ఉల్లంఘించారు. పుల్లరి కట్టబోమన్న పల్నాటి పల్లెల్లో కన్నెగంటి హనుమంతు తుపాకీ గుళ్లకు బలైనది కూడా ఆ ఏడాది ఫిబ్రవరిలోనే. పరస్పర సంబంధం లేని ఈ రెండు పోరాటాలూ ఒకే అటవీ విధానానికి వచ్చిన జవాబులు. ఈ ఉద్యమ కాలంలో జైలుపాలైన శర్మ రాయ్‌పూర్ జైల్లో చేతిరాత పత్రిక నడిపి దానికి ‘శ్రీకృష్ణ జన్మస్థాన్’ అని పేరు పెట్టారు. కృష్ణుడు పుట్టింది చెరసాలలోనే కనుక, ఖైదీలకు ఆ పేరులోని ధైర్యమూ, అధికారుల మీది ఎత్తిపొడుపూ రెండూ అర్థమయ్యేవి.

బిలాస్‌పూర్ కూడా ఆ రోజుల్లో ఇటువంటి చరిత్రకే వేదికైంది. ‘కర్మవీర్’ సంపాదకుడైన హిందీ కవి మాఖన్‌లాల్ చతుర్వేది 1921లో ఈ పట్టణంలో చేసిన ప్రసంగానికి రాజద్రోహ నేరం మోపించుకుని, ఇక్కడి జైల్లోనే శిక్ష అనుభవించారు. కామ్‌టీలో స్థిరపడిన తెలుగు కుటుంబంలో 1889లో పుట్టిన బారిస్టర్ ఇ.రాఘవేంద్రరావు బిలాస్‌పూర్‌ను కార్యక్షేత్రం చేసుకుని స్వరాజ్య పార్టీ నాయకుడిగా ఎదిగారు. తరవాత మంత్రి పదవిని స్వీకరించి, 1936లో సెంట్రల్ ప్రావిన్సెస్ తాత్కాలిక గవర్నరుగా కూడా పనిచేశారు. రాఘవేంద్రరావు శాసన సభలను, ప్రభుత్వ పదవులను మార్గంగా ఎంచుకుంటే, శర్మ గ్రామాలను, ఆశ్రమాలను, గుడి వాకిళ్లను ఎంచుకున్నారు.

గుడి తలుపులు, జంధ్యం

శర్మ చేసిన పనుల్లో అన్నిటికన్నా ఎక్కువ వ్యతిరేకత ఎదుర్కొన్నది అస్పృశ్యతా నివారణ. సత్‌నామీలతో కలిసి మెలిసి తిరగడం, వారి కోసం భజనల పుస్తకం కూర్చడం, రాయ్‌పూర్‌లో వారికి ఆశ్రమం నెలకొల్పడం, వారికి జంధ్యాలు వేయించడం ఆయన కులపెద్దలకు సహించరాని పనులయ్యాయి. హేళన, వెలి ఆయనకు తప్పలేదు. 1925లో, తిరువాన్కూరులో గుడి చుట్టూ దారుల కోసం వైకోం సత్యాగ్రహం సాగుతున్న ఏడాదిలోనే, ఆయన రాజిమ్‌లో అస్పృశ్యులను వెంటబెట్టుకుని ఆలయ ప్రవేశానికి పూనుకున్నారు.

ఈ పనిలోని పరిమితిని కూడా గుర్తించాలి. ఘాసీదాస్ బోధ ప్రకారం సత్‌నామీలకు విగ్రహంతోనూ, పుట్టుకతో వచ్చే ద్విజత్వంతోనూ పని లేదు. జంధ్యం వేయించి, గుడిలోకి తీసుకువెళ్లి సమానత్వం ఇవ్వాలన్న ఆలోచన, ఆ గౌరవ చిహ్నాలను నిర్ణయించే అధికారాన్ని పాత వ్యవస్థ చేతిలోనే ఉంచుతుంది. అంబేడ్కర్ తరవాతి కాలంలో గాంధేయ హరిజనోద్ధరణ మీద చేసిన విమర్శల్లో ఇదీ ఒకటి. అయినప్పటికీ, సాటి బ్రాహ్మణుల మధ్య బతుకుతూ, వారి కట్టుబాట్లను వారి కళ్లెదుటే ధిక్కరించడానికి 1910లలో, 1920లలో కావలసిన తెగువను తక్కువ చేయడం న్యాయం కాదు.

పుణె ఒడంబడిక తరవాత గాంధీజీ చేపట్టిన హరిజన యాత్ర 1933 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌ను చుట్టి, బిలాస్‌పూర్‌ను కూడా చూసి, డిసెంబరులో ఆంధ్రదేశానికి చేరింది. ఆ సందర్భంలోనే, తనకంటే పన్నెండేళ్లు చిన్నవాడైన శర్మ ఈ విషయంలో తనకు గురువని గాంధీజీ మెచ్చుకున్నారని ఛత్తీస్‌గఢ్‌లో గట్టిగా ప్రచారంలో ఉంది. గాంధీజీ జాతీయ రాజకీయాల్లోకి రాకముందే శర్మ ఈ దారి పట్టారు కనుక, ఆ ప్రశంసకు తగిన ఆధారం ఆయన జీవితంలోనే ఉంది.

వారసత్వం

శర్మ 1940 డిసెంబరు 28న, స్వాతంత్ర్యాన్ని గానీ ప్రత్యేక రాష్ట్రాన్ని గానీ చూడకుండానే కన్నుమూశారు. ఇప్పుడు రాష్ట్ర ప్రభుత్వం ఆయన పేరిట సాహిత్య పురస్కారం ఇస్తోంది. బిలాస్‌పూర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, ఉద్యోగం చేసుకుంటూనో, మధ్యలో ఆగిన చదువును తిరిగి అందుకుంటూనో ఉన్నవారికి దూరవిద్య ద్వారా పట్టాలు ఇస్తోంది. బడి మానేశాక సొంతంగా ఐదారు భాషలు నేర్చుకున్న మనిషి పేరు దానికి అన్నివిధాలా తగినది. అయితే ఆయనను ‘ఛత్తీస్‌గఢ్ గాంధీ’ అని పిలిచి ఊరుకోవడం వల్ల ఆయన సొంత ఆలోచన మరుగున పడుతుంది. సామాన్యుల భాషను చిన్నచూపు చూసేవారు సామాన్యుల రాజ్యాన్ని నిర్మించలేరనీ, పక్కవాడిని గుడి బయట నిలబెట్టినవారు స్వరాజ్యం అడగడానికి అర్హులు కారనీ ఆయన రచనలు, పనులు కలిసి చెబుతాయి. ఆ రెండు షరతుల్లో మొదటిదానిని రాష్ట్రావతరణ కొంతవరకు తీర్చింది. రెండోది ఛత్తీస్‌గఢ్‌కే కాదు, ఆలయ ప్రవేశం ఇప్పటికీ వివాదమవుతున్న తెలుగు పల్లెలకూ వర్తిస్తుంది.