కుట్టుకు వారాలు, కండకు రోజులు

పిల్లాడికి ఆపరేషన్ అయింది. వరంగల్ ఎంజీఎం నుంచో, హన్మకొండలోని ప్రైవేటు దవాఖాన నుంచో హసన్‌పర్తిలో ఇంటికి తీసుకొచ్చారు. చూడవచ్చిన వాళ్లంతా ఒకటే మాట: "మంచం దిగనియ్యకుండ్రి, కుట్లు తెగుతయి." డిశ్చార్జి కాగితం మీద మాత్రం "రోజూ నడిపించండి" అని ఉంది. ఎవరి మాట వినాలి? రెండు లెక్కలు పక్కపక్కన పెట్టి చూస్తే అనుమానం తీరుతుంది. ముందుగా అపెండిక్స్, హెర్నియా వంటి పొట్ట ఆపరేషన్ల సంగతి చూద్దాం. ఎముకలు, గుండె సంగతి వేరు, అది చివర్లో.

మొదటిది కుట్టు లెక్క. కోయని చర్మం గట్టిదనం 100 అనుకుంటే, ఆపరేషన్ అయిన వారానికి గాయం గట్టిదనం 10 కూడా ఉండదు. మూడు వారాలకు 20 నుంచి 30, ఆరు వారాలకు సుమారు 50, మూడు నెలలకు 80 దాకా వస్తుంది. పైకి మానినట్టు కనిపించినా లోపల పని నడుస్తూనే ఉంటుంది. కొత్తగా కట్టిన గోడ మీద మర్నాడే స్లాబు వేయం కదా, ఇదీ అంతే.

రెండోది కండ లెక్క. పూర్తిగా మంచానికే పరిమితమైతే కండరాల బలం మొదట్లో రోజుకు 1 శాతం, కొన్నిసార్లు అంతకంటే కొంచెం ఎక్కువే తగ్గుతుంది. వారంలో పదో వంతు వరకు పోవచ్చు. ఇది పెద్దవాళ్ల మీద కొలిచిన లెక్క. పిల్లలు త్వరగానే తేరుకుంటారు గానీ, కదలకపోతే నీరసపడటం వాళ్లకూ తప్పదు. అంటే కుట్టు గట్టిపడటానికి వారాలు పడుతుంది, కండ తగ్గడానికి రోజులు చాలు. అందుకే బరువులు ఆపాలి, నడక ఆపకూడదు.

"నడిస్తే కుట్టు తెగదా?" చదునైన నేల మీద మెల్లగా నడిస్తే పొట్ట గోడ మీద పడే ఒత్తిడి తక్కువ. గట్టిగా దగ్గినా, విరేచనానికి ముక్కినా పడే ఒత్తిడి అంతకంటే చాలా ఎక్కువ. పైగా మనకు కనిపించేవి పై కుట్లే, లోపలి పొరలకు విడిగా కుట్లుంటాయి. వాటికి వాడే కరిగిపోయే దారాల్లో మూడు వారాల తర్వాత కూడా సగం పట్టు నిలుపుకునే రకాలున్నాయి. కుట్టుకు నడక కంటే మలబద్ధకమే ఎక్కువ చేటు. నడిస్తే పేగులు కదిలి అదీ తగ్గుతుంది.

"ఎంత నడిపించాలి?" మంచం నుంచి వాకిలి దాకా 15 అడుగులు పడతాయనుకుందాం. పోనూరానూ 30. రోజుకు ఆరుసార్లు తిప్పితే 180 అడుగులు. ఎనిమిదేళ్ల పిల్లాడి అడుగు అర మీటరు అనుకున్నా అది 90 మీటర్లు, అంటే క్రికెట్ పిచ్‌కు నాలుగున్నర రెట్లు. రోజూ రెండేసి తిప్పలు పెంచుకుంటూ పోతే ఏడో రోజుకు 18 తిప్పలు, 270 మీటర్లు. ఒక్కసారి లేపి అలసిపోయేదాకా నడిపించడం కంటే, కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు నడిపించడం మేలు. లేపేటప్పుడు చేతులు పట్టి గుంజకండి. పక్కకు తిప్పి, కాళ్లు మంచం కిందికి దించి, మోచేతి మీద బరువు వేసి తనంతట తానే లేచేలా చూడండి. ఒక నిమిషం కూర్చోనిచ్చి, కళ్లు తిరగడం లేదని చూసుకుని నిలబెట్టండి.

"నొప్పి అని ఏడుస్తుంటే ఎట్లా?" మూడేళ్లు దాటిన పిల్లలకు దవాఖానల్లో ఆరు ముఖాల బొమ్మ చూపిస్తారు. నవ్వే ముఖం 0, వెక్కి ఏడ్చే ముఖం 10. ఇంట్లో కాగితం మీద మీరే గీసి అడగొచ్చు. డాక్టరు రాసిన నొప్పి మందును నడకకు అరగంట ముందు వేస్తే లేవడం తేలికవుతుంది. పారాసిటమాల్ మోతాదును బరువును బట్టి లెక్కగడతారు. కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున 16 కిలోల పిల్లకు 240 మిల్లీగ్రాములు. ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. 5 మిల్లీలీటర్లకు 120 ఉండే సిరప్ అయితే 10 మిల్లీలీటర్లు పోయాలి, 250 ఉండే సిరప్ అయితే 5 కూడా పట్టదు. సీసాలు చూడటానికి ఒకేలా ఉంటాయి, కాబట్టి మందు పోసే ముందు లేబుల్ మీది అంకె చదవండి. రోజుకు నాలుగుసార్లు మించకూడదు.

నడకతో పాటు ఊపిరి సంగతీ చూడాలి. పొట్ట నొప్పికి భయపడి పిల్లలు పైపైనే ఊపిరి తీస్తారు. దాంతో ఊపిరితిత్తుల అడుగు భాగం సరిగా తెరుచుకోక కఫం చేరుతుంది. మెలకువగా ఉన్నంతసేపూ గంటకోసారి ఓ పది లోతైన ఊపిరులు తీయించండి. చిన్న పిల్లలైతే సబ్బు నీటి బుడగలు ఊదించినా చాలు. దగ్గు వస్తే మెత్తటి దిండును గాయానికి ఆనించి రెండు చేతులతో హత్తుకోమనండి. నొప్పి తగ్గుతుంది, ధైర్యం వస్తుంది.

"పప్పు పెడితే చీము పడుతుందంటారు, నిజమేనా?" కాదు. చీము పట్టేది సూక్ష్మజీవుల వల్ల, పప్పు వల్ల కాదు. పైగా గాయం మానడానికీ, కండ పట్టడానికీ మాంసకృత్తులే ముడిసరుకు. ఏడు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకు రోజుకు సుమారు 23 గ్రాములు కావాలని ఐసీఎంఆర్, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో లెక్కగట్టాయి. ఒక గుడ్డులో 6, గ్లాసు పాలలో మరో 6, గుప్పెడు కందిపప్పులో 7 గ్రాముల దాకా ఉంటాయి. రెండు పూటలా పప్పు, ఒక గుడ్డు, ఒక గ్లాసు పాలు కలిపితే 26. పథ్యం పేరుతో పప్పూ గుడ్డూ ఆపేస్తే అందులో మిగిలేది పాలలోని 6 గ్రాములే.

"బడికి ఎప్పుడు పంపాలి?" చిన్న రంధ్రాలతో చేసే లాప్రోస్కోపీ ఆపరేషన్ అయితే చాలామంది పిల్లలు వారం, పది రోజుల్లో క్లాసుకు వెళ్లగలుగుతారు. బరువు, సైకిలు, కబడ్డీ, యెర్రగట్టు గుట్ట ఎక్కడం వంటివి మాత్రం ఆపరేషన్ రకాన్ని బట్టి రెండు నుంచి ఆరు వారాలు ఆగాలి. మూడు నుంచి ఐదో తరగతి పిల్లల బడి సంచి 3 కిలోలు మించకూడదని తెలంగాణ ప్రభుత్వం 2017లోనే చెప్పింది. మూడు లీటరు సీసాల నిండా నీళ్లు పోస్తే అంత బరువు. మొదటి వారాల్లో అదీ వద్దు, పుస్తకాలు అన్నో అక్కో మోయాలి.

ఇక ఎముకలు, గుండె సంగతి. ఎముక ఆపరేషన్ అయితే ఆ కాలి మీద ఎంత బరువు మోపాలో డాక్టరే చెప్పాలి, సొంత లెక్కలు పనికిరావు. ఊతకర్రల పైభాగానికీ చంకకూ మధ్య రెండు మూడు వేళ్ల సందు ఉండాలి. మెట్లు ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ అయిన కాలు ముందు. కట్టు వేసి ఉంటే గోరు నొక్కి వదలండి, రెండు సెకన్లలో ఎరుపు తిరిగి రావాలి. రొమ్ము ఎముక కోసి గుండె ఆపరేషన్ చేసిన పిల్లల్ని సుమారు ఆరు వారాలు చంకల కింద పట్టి లేపకూడదు. ఒక చెయ్యి పిరుదుల కింద, ఇంకో చెయ్యి వీపు వెనక పెట్టి ఎత్తుకోవాలి.

ఏ ఆపరేషన్ అయినా కొన్ని గుర్తులు కనిపిస్తే నడక ఆపి దవాఖానకు వెళ్లాలి. 100.4 డిగ్రీలు దాటిన జ్వరం, గాయం చుట్టూ పాకే ఎరుపు, చీము, ఆగని వాంతులు, రోజురోజుకూ పెరిగే నొప్పి, ఒక కాలి పిక్క వాయడం. ఊపిరి ఆడకపోతే వెంటనే 108కి ఫోన్ చేయండి.

"మళ్లీ వెళ్తే మళ్లీ ఖర్చు కదా?" ఆరోగ్యశ్రీ కింద జరిగిన ఆపరేషన్ అయితే ప్యాకేజీలోనే డిశ్చార్జి తర్వాత 10 రోజుల మందులు, 30 రోజుల్లోపు వచ్చే ఇబ్బందులకు చికిత్స కలిసి ఉంటాయి. 2023 డిసెంబరులో తెలంగాణలో ఈ పథకం పరిమితిని కుటుంబానికి ఏడాదికి 5 లక్షల నుంచి 10 లక్షల రూపాయలకు పెంచారు. కాబట్టి ఖర్చుకు జంకి రోజులు నెట్టకండి, దవాఖానలోని ఆరోగ్యమిత్రను అడగండి. డిశ్చార్జి రోజునే డాక్టరుతో నాలుగు తేదీలు కాగితం మీద రాయించుకోండి: నడక ఎప్పటి నుంచి, బడి ఎప్పటి నుంచి, బరువులు ఎప్పటి నుంచి, ఆటలు ఎప్పటి నుంచి. "మంచం దిగనియ్యకుండ్రి" అనే వాళ్లకు ఆ కాగితమే చూపించొచ్చు.