రెండో చార్లెస్, పార్లమెంటు: మతం చుట్టూ పాతికేళ్ల పెనుగులాట

1660 మే 29న రెండో చార్లెస్ లండన్‌లో అడుగుపెట్టాడు. ఆ రోజే అతనికి ముప్ఫయ్యేళ్లు నిండాయి. పదకొండేళ్ల కిందట అదే నగరంలో, వైట్‌హాల్ రాజభవనం ముందు, అతని తండ్రి మొదటి చార్లెస్ తల నరికారు. ఆ తర్వాత వచ్చిన గణతంత్రం, సైనిక నాయకుడు క్రామ్‌వెల్ పాలన జనాన్ని విసిగించాయి. చివరకు పార్లమెంటే రాజును వెనక్కి పిలిచింది. ఇంగ్లండ్ చరిత్రలో ఈ ఘట్టాన్ని 'రెస్టొరేషన్', అంటే రాజరిక పునఃస్థాపన అంటారు. రాజు తిరిగొచ్చాడు కానీ, రాజుకూ పార్లమెంటుకూ మధ్య అంతర్యుద్ధానికి దారితీసిన ప్రశ్నలు మాత్రం తేలలేదు. రాజు మాట పెద్దదా, చట్టం పెద్దదా? దేవుణ్ని ఎవరు ఏ పద్ధతిలో కొలవాలో నిర్ణయించేది ఎవరు?

అధికారం రెండు చేతుల్లో ఉండేది. పార్లమెంటును పిలవడం, వాయిదా వేయడం, రద్దు చేయడం రాజు చేతిలో పని. కొత్త పన్ను వేయాలంటే మాత్రం పార్లమెంటు ఒప్పుకోవాలి. రాజుకు ఏటా 12 లక్షల పౌండ్ల రాబడి ఉండేలా పార్లమెంటు ఏర్పాటు చేసింది. కానీ తొలి ఏళ్లలో అంత వసూలు కాలేదు. దాంతో యుద్ధం వచ్చిన ప్రతిసారీ రాజు సభ ముందు చేయి చాచక తప్పేది కాదు. డబ్బు కోసం సభను పిలిచిన రాజు దాని ఫిర్యాదులు కూడా వినాల్సి వచ్చేది.

ఆ ఫిర్యాదుల్లో ముందుండేది మతం. సింహాసనం ఎక్కకముందే, బ్రెడా ప్రకటనలో, మత విషయంలో మనస్సాక్షికి స్వేచ్ఛ ఇస్తానని చార్లెస్ మాటిచ్చాడు. 1661లో కొలువుదీరిన పార్లమెంటు నిండా రాజభక్తులే. అయినా వారికి రాజు ఇచ్చిన ఆ మాట కంటే ఇంగ్లండ్ అధికారిక చర్చి అయిన ఆంగ్లికన్ చర్చే ముఖ్యం. మొదటి చార్లెస్ ప్రాణం తీసింది, ఆ చర్చిని ఇంకా సంస్కరించాలన్న ప్యూరిటన్లేనన్న కోపం వారిలో చల్లారలేదు. 1661 నుంచి 1665 వరకు వరసగా నాలుగు చట్టాలు వచ్చాయి. ఆంగ్లికన్ పద్ధతిలో ప్రభువు బల్లలో (రొట్టె, ద్రాక్షారసాల సంస్కారంలో) పాలుపంచుకోనివారికి పట్టణ పాలక పదవులు లేవు. అధికారిక ప్రార్థనా గ్రంథాన్ని యథాతథంగా ఒప్పుకోని బోధకులకు చర్చిలో చోటు లేదు. ఇంటివారు కాక మరో ఐదుగురు గానీ అంతకు మించి గానీ చేరి వేరే పద్ధతిలో ఆరాధిస్తే నేరం. పదవి పోయిన బోధకుడు తన పాత చర్చికి ఐదు మైళ్ల లోపు కనిపించకూడదు. మొత్తం మీద సుమారు 2,000 మంది బోధకులు చర్చిల నుంచి బయటికి వెళ్లాల్సి వచ్చింది.

1670లో చార్లెస్ ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీతో డోవర్ వద్ద రహస్య ఒప్పందం చేసుకున్నాడు. లూయీ డబ్బిస్తాడు. చార్లెస్ డచ్‌వారిపై యుద్ధంలో అతనికి తోడుంటాడు, తగిన సమయం చూసి తాను కాథలిక్కునని ప్రకటిస్తాడు. రెండేళ్ల తర్వాత, 1672 మార్చిలో, ఆంగ్లికన్ కాని క్రైస్తవులపై ఉన్న శిక్షా చట్టాలను రాజు తన ఆజ్ఞతోనే నిలిపేశాడు. దాని ఫలితం ఎంతోమంది బతుకుల్లో కనిపించింది. తెలుగు క్రైస్తవులకు 'యాత్రికుని ప్రయాణం' రచయితగా తెలిసిన జాన్ బన్యన్, అనుమతి లేకుండా ప్రసంగించినందుకు 1660 నుంచి బెడ్‌ఫర్డ్ జైల్లో ఉన్నాడు. పన్నెండేళ్ల తర్వాత అతనికి విడుదలా, బోధించేందుకు అనుమతి పత్రమూ దొరికాయి.

పార్లమెంటుకు మాత్రం అందులో ప్రమాదం కనిపించింది. సభ చేసిన చట్టాన్ని రాజు ఒక్క ప్రకటనతో పక్కనపెట్టగలిగితే, రేపు ఏ చట్టానికి దిక్కుంటుంది? పైగా ఈ వెసులుబాటు కాథలిక్కులకు దారి తీయడానికేనన్న అనుమానం బలంగా ఉంది. 1673లో యుద్ధ ఖర్చుకు డబ్బు అడిగిన రాజు, ముందుగా ఆ ప్రకటనను వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. అంతటితో ఆగక సభ 'టెస్ట్ చట్టం' తెచ్చింది. దాని ప్రకారం ప్రభుత్వ ఉద్యోగి ఆంగ్లికన్ చర్చిలో ప్రభువు బల్లలో పాల్గొని, దానికి ధ్రువపత్రం చూపాలి. రొట్టె, ద్రాక్షారసం నిజంగా క్రీస్తు శరీరం, రక్తంగా మారతాయన్న కాథలిక్ విశ్వాసాన్ని తాను నమ్మనని రాతపూర్వకంగా చెప్పాలి. నౌకాదళాధిపతిగా ఉన్న రాజు తమ్ముడు జేమ్స్ ఆ పని చేయలేక పదవి వదులుకున్నాడు. చార్లెస్‌కు భార్య కేథరిన్ వల్ల సంతానం లేదు. కాబట్టి కాబోయే రాజు కాథలిక్కేనని దేశమంతటికీ తేటతెల్లమైంది.

1678లో టైటస్ ఓట్స్ అనే వ్యక్తి, కాథలిక్కులు రాజును చంపబోతున్నారని కుట్ర కథ అల్లాడు. అతని వాంగ్మూలం తీసుకున్న న్యాయాధికారి గాడ్‌ఫ్రీ శవమై కనిపించడంతో లండన్ వణికిపోయింది. ఆ అబద్ధానికి ఎందరో అమాయకులు ఉరికంబమెక్కారు. ఈ భయంలోనే జేమ్స్‌ను వారసత్వం నుంచి తప్పించే బిల్లు పుట్టింది. దాన్ని బలపరిచినవారికి 'విగ్‌లు', ఎదిరించినవారికి 'టోరీలు' అన్న పేర్లు స్థిరపడ్డాయి. రెండూ మొదట తిట్లే. 1680 నవంబరులో పార్లమెంటు దిగువ సభ అయిన కామన్స్ సభ బిల్లును ఆమోదించింది, ఎగువ సభ అయిన ప్రభువుల సభ 63-30 ఓట్లతో తిప్పికొట్టింది.

లండన్ జనం విగ్‌ల వైపే ఉన్నారని గ్రహించి, 1681 మార్చిలో చార్లెస్ సభను ఆక్స్‌ఫర్డ్‌కు పిలిచాడు. వారం తిరిగేసరికి అతను ప్రభువుల సభకు మామూలు దుస్తుల్లో వచ్చాడు. సభను రద్దు చేయడానికి కావలసిన రాజవస్త్రాలు మాత్రం మూసి ఉన్న పల్లకీలో గుట్టుగా వెంట వచ్చాయి. వాటిని ధరించి, కామన్స్ సభ్యులను పిలిపించి, సభ రద్దయిందని ప్రకటించాడు. లూయీ పంపే సొమ్ము, వ్యాపారం పెరిగి హెచ్చిన సుంకాలు అతనికి ధైర్యమిచ్చాయి. మూడేళ్లకోసారైనా పార్లమెంటు కూడాలన్న 1664 నాటి చట్టం ఉన్నా, చనిపోయేదాకా అతను మళ్లీ సభను పిలవలేదు. 1685 ఫిబ్రవరిలో, మరణశయ్య మీద, కాథలిక్ మతం పుచ్చుకున్నాడు.

తర్వాత రాజైన జేమ్స్ అన్న పట్టిన దారినే, అన్నకున్న నేర్పు లేకుండా నడిచి 1688లో సింహాసనం పోగొట్టుకున్నాడు. పార్లమెంటు అనుమతి లేకుండా చట్టాన్ని నిలిపేసే అధికారం రాజుకు లేదని 1689 నాటి హక్కుల చట్టం తేల్చేసింది. అదే ఏడాది వచ్చిన మత సహన చట్టం, చార్లెస్ తన ఆజ్ఞతో ఇవ్వబోయిన ఆరాధనా స్వేచ్ఛను ఆంగ్లికన్ కాని ప్రొటెస్టంట్లకు శాసనంగా ఇచ్చింది. కాథలిక్కులను మాత్రం బయటే ఉంచింది. వారు పార్లమెంటులో మళ్లీ కూర్చోవడానికి 1829 దాకా ఆగాల్సి వచ్చింది.