ఇంజను కవాటములకు ఖాళీ ఎందుకు?

మోటారు సైకిలు ఇంజను పైభాగమునుండి టకటకమని శబ్దము వచ్చుచున్నచో, టాపెట్లు కొట్టుకొనుచున్నవని మెకానిక్కు చెప్పును. ఆ శబ్దమును పూర్తిగా మాన్పింపుమని బండి యజమాని కోరును. మాన్పించుట సులభమే. కాని అట్లు మాన్పించిన ఇంజను కొన్నాళ్ళకు బలము కోల్పోయి, చివరకు కవాటమే కాలిపోవచ్చును. ఇది ఎట్లు జరుగునో తెలియుటకు తరగతిలో చదివిన ఘనపదార్థముల వ్యాకోచమును జ్ఞప్తికి తెచ్చుకొన్న చాలును.

నాలుగు స్ట్రోకుల ఇంజనులో సిలిండరు హెడ్డునందు సాధారణముగా రెండు కవాటములుండును. ఒకటి పెట్రోలు, గాలి మిశ్రమమును లోనికి రానిచ్చును. రెండవది కాలిన వాయువులను వెలుపలికి పంపును. క్యామ్ అను కోడిగ్రుడ్డు ఆకారపు చక్రము రాకర్ అను మీటను కదల్పగా, మీట కవాటపు కాడను నొక్కి తెరచును. స్ప్రింగు మరల మూయును. మూసికొనియున్న కవాటపు కాడ కొనకును మీటకును నడుమ విడిచిన స్వల్పమైన ఎడమే టాపెట్ ఖాళీ.

కవాటపు పొడవు 100 మి.మీ. అనుకొందము. దాని సగటు ఉష్ణోగ్రత 300° సెం. పెరిగినచో, ఉక్కు దైర్ఘ్య వ్యాకోచ గుణకము డిగ్రీకి 0.000012 కనుక, అది 0.36 మి.మీ. సాగును. అయితే మీటను మోయుచున్న అల్యూమినియం హెడ్డు కూడ వేడెక్కును గదా! దాని గుణకము 0.000023. అది 120° మాత్రమే వేడెక్కినను, అంత పొడవునకు 0.276 మి.మీ. పెరుగును. తేడా 0.084 మి.మీ. చల్లగానున్నప్పుడు ఈ మాత్రము ఎడము విడువనిచో, వేడెక్కిన పిదప మీట కవాటమును పూర్తిగా మూసికొననీయదు.

ఎగ్జాస్టు కవాటమునకు ఇది ప్రాణాపాయము. అది తన వేడిలో అధికభాగమును సీటును తాకియున్న క్షణములలోనే హెడ్డునకు ఇచ్చివేయును. తాకనిచో వేడి పోవు దారి లేదు. పైగా మండుచున్న వాయువులు ఆ సందున దూసుకొనిపోయి అంచును కొరికివేయును. సీటు అరిగిన కొలది కవాటము హెడ్డులోనికి మరికొంత ఎక్కి, కాడ కొన మీటకు చేరువగును. అప్పుడు శబ్దమేమియు రాదు. అందుచే అరచుచున్న ఇంజనుకంటె, మునుపు అరచి ఇప్పుడు మౌనము వహించిన ఇంజనునే ఎక్కువ అనుమానింపవలెను. ఖాళీ మితిమీరినచో కవాటము ఆలస్యముగను, తక్కువగను తెరచుకొనును; భాగములు త్వరగా అరుగును.

సరిచూచుటకు ఇంజను పూర్తిగా చల్లారియుండవలెను. రాత్రియంతయు నిలిపిన బండి మేలు. పిస్టను ఒక్కొక్క ఆవృత్తిలో రెండుసార్లు పైకి చేరును. కొత్తవారు పొరబడునది ఇక్కడనే. ఎగ్జాస్టు స్ట్రోకు చివర కవాటములు రెండును కొద్దిగా తెరచియుండును; అప్పుడు కొలిచిన కొలత వ్యర్థము. లోపలి కవాటము తెరచుకొని మూసికొనిన తరువాత పిస్టను పైకి చేరినప్పుడే కొలవవలెను. అప్పుడు రెండు మీటలును వదులుగా కదలును. నిర్ణీతమైన ఫీలర్ గేజి రేకు స్వల్పమైన ఒరపుతో సందున జారవలెను. లేనిచో లాక్ నట్టు వదులుచేసి, మర త్రిప్పి సరిచేయవలెను. నట్టు బిగించునప్పుడు మర కొంచెము కదలుట కలదు. కనుక మరల కొలువక తప్పదు.

ఎంత ఖాళీ అనునది బండితో వచ్చిన పుస్తకమును చూచియే నిర్ణయింపవలెను. హోండా వారి పాత సి-90 వంటి చిన్న బండ్లలో అది 0.05 మి.మీ., అనగా వ్రాతకాగితపు మందములో సుమారు సగము. మద్రాసు సమీపమున తిరువొత్తియూరులో తయారైన పాత బుల్లెట్ మాత్రము వింతగా తోచును. దానిలో మీటలను పొడవైన తోపుడు కడ్డీలు కదల్చును. వేడెక్కినప్పుడు సిలిండరు, హెడ్డు కలిసి ఆ కడ్డీలకంటె ఎక్కువ పెరుగును. ఖాళీ తగ్గుటకు బదులు తానే ఏర్పడును. కావున చల్లని ఇంజనులో దాని ఖాళీ సున్న. గేజితో పనిలేదు, కడ్డీ పైకి క్రిందికి ఆడక, వ్రేళ్ళతో త్రిప్పినప్పుడు సులభముగా తిరిగిన చాలును.