వినుకొండ నుంచి బయటపడటం ఎలా? రైలు, బస్సు, ఆటో లెక్కలు

ఈరోజు ఎపిసోడ్ మన వినుకొండ గురించే. జాషువా గారు పుట్టిన ఊరు, సీతమ్మను ఎత్తుకుపోయిన సంగతి రాముడు విన్న కొండ, ఇవన్నీ మీకు తెలిసినవే. నేను చెప్పబోయేది వేరే. ఈ ఊరి నుంచి బయటికి వెళ్లాలన్నా, రాత్రి తిరిగి ఇంటికి చేరాలన్నా మనకు ఏమేం ఉన్నాయి, అవి ఎందుకు అలా ఉన్నాయి అని.

ఉద్యోగంలో ఉన్నప్పుడు నేను చూసిన పని డేటా ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌కి ఏ దారిన పోతుంది అన్నది. మనుషుల ప్రయాణం కూడా దాదాపు అంతే. తేడా ఏంటంటే ప్యాకెట్ లేట్ అయితే మళ్లీ పంపిస్తాం, గుంటూరు పెద్దాసుపత్రిలో ఓపీ టైమ్ అయిపోతే ఆ పేషెంట్‌కి రోజంతా పోయినట్టే.

ముందు మ్యాప్ ఒకసారి మైండ్‌లో పెట్టుకోండి. తూర్పున నరసరావుపేట, ఆ తర్వాత గుంటూరు. పడమరన దొనకొండ, మార్కాపురం, కంభం, గిద్దలూరు, నల్లమల దాటితే నంద్యాల. రైలు ఈ గీత మీదే పోతుంది. అనంతపురం నుంచి గుంటూరు వచ్చే 544డి నేషనల్ హైవే కూడా ఇంచుమించు అదే గీత. అంటే మనకు తూర్పు పడమరలు బాగున్నాయి. ఉత్తరాన హైదరాబాద్‌కి, దక్షిణాన తిరుపతికి పోవాలంటేనే తిప్పలు. ఈ ఒక్క విషయం గుర్తుంటే మిగతా ఎపిసోడ్ అంతా అర్థమైపోతుంది.

ఎందుకిలా? ఈ రైలు మార్గం పంతొమ్మిదో శతాబ్దం చివర్లో సదరన్ మరాఠా రైల్వే కంపెనీ వేసిన మీటర్ గేజ్. బెజవాడని గుంతకల్లుతో కలిపి, అక్కడి నుంచి హుబ్లీ మీదుగా గోవా తీరం దాకా సరుకు పోవాలని ప్లాన్. మన ఊరి వాళ్లు తిరుపతి ఎలా వెళ్తారన్నది వాళ్ల లెక్కలో లేదు. 1990లలో బ్రాడ్ గేజ్ అయింది కానీ దిక్కు మారలేదు. ఇప్పటికీ అమరావతి ఎక్స్‌ప్రెస్ గోవాలో వాస్కో దాకా పోతుంది చూడండి, ఆ పాత ప్లానే అది. బెంగళూరు వెళ్లే మన కుర్రాళ్లకి ప్రశాంతి, కొండవీడు ఎక్స్‌ప్రెస్‌లు తెలుసు. కొండవీడు రోజూ ఉండదు, డేట్ చూసుకుని ప్లాన్ చేసుకోండి.

తిరుపతి సంగతి వినండి, కామెడీగా ఉంటుంది. గుంటూరు నుంచి తిరుపతి వెళ్లే ఎక్స్‌ప్రెస్ మన స్టేషన్ మీదుగానే పోతుంది. కానీ తిరుపతి మనకు దక్షిణాన ఉంటే బండి పడమరకి వెళ్లి, నల్లమల దాటి నంద్యాల చేరి, అక్కడి నుంచి ఎర్రగుంట్ల, కడప మీదుగా కిందకి దిగుతుంది. 2016లో నంద్యాల ఎర్రగుంట్ల లైన్ తెరిచారు కాబట్టి ఆ మాత్రమైనా కుదిరింది.

దీనికి మందు నడికుడి శ్రీకాళహస్తి లైన్. మొత్తం 309 కిలోమీటర్లు. పిడుగురాళ్ల వైపు నుంచి వచ్చి శావల్యాపురం దగ్గర మన లైన్‌లో కలుస్తుంది, మన వినుకొండ మీదుగా గుండ్లకమ్మ స్టేషన్ దాకా పాత దారినే పోయి, అక్కడ విడిపోయి దర్శి, పొదిలి, కనిగిరి, పామూరు, వెంకటగిరి మీదుగా శ్రీకాళహస్తికి. ఎటూ కాని ఊరు అనిపించే వినుకొండ ఈ లైన్ పూర్తయితే నాలుగు దిక్కుల కూడలి అవుతుంది. ఈ ప్రాజెక్టు పేరు వింటూనే ఒక తరం పెరిగి పెద్దదైంది, అది వేరే బాధ.

రెండోది, గుంటూరు గుంతకల్లు డబ్లింగ్. 401 కిలోమీటర్లు, కరెంటు లైన్‌తో కలిపి. రెండో పట్టా వస్తే ఏంటి లాభం అని చాలామంది అడుగుతారు. సింగిల్ లైన్ అంటే ఒకే సన్న సందు. ఎదురుగా బండి వస్తే ఒకటి స్టేషన్‌లో పక్క లైన్‌లోకి తప్పుకుని ఆగాలి, దాన్నే క్రాసింగ్ అంటారు. ఒక బండి ఇరవై నిమిషాలు లేట్ అయితే దాని కోసం ఎదురుబండి ఆగుతుంది, దాని వెనకది ఆగుతుంది. కోడింగ్ చేసేవాళ్లకి డెడ్‌లాక్ గుర్తొచ్చే ఉంటుంది. రెండో పట్టా పడితే బండి స్పీడ్ ఏమీ డబుల్ కాదు, ఈ ఆగడాలు తగ్గుతాయి. మన లైన్‌లో అసలు టైమ్ తినేది అవే.

ఇప్పుడు టికెట్. ఇది శ్రద్ధగా వినండి, డబ్బులు మిగులుతాయి. వినుకొండ నుంచి బెంగళూరుకి బుక్ చేస్తే కొన్నిసార్లు ఆర్‌ఎల్‌డబ్ల్యూఎల్ లేదా పీక్యూడబ్ల్యూఎల్ అని వస్తుంది. వెయిటింగ్ లిస్ట్ అంతా ఒకటే క్యూ అనుకుంటారు, కాదు. బండి బయల్దేరే స్టేషన్ వైపు వాళ్లకి జనరల్ కోటా, ఎక్కువ బెర్తులు, కాబట్టి క్యాన్సిల్ అయ్యేవీ ఎక్కువే. మధ్య స్టేషన్లకి చిన్న కోటా. అక్కడ వెయిటింగ్ 8 ఉన్నా కదలకపోవచ్చు, జనరల్‌లో 30 ఉన్నా కన్ఫర్మ్ అవ్వొచ్చు. నంబర్ కంటే ముందు ఆ అక్షరాలు చూడండి. మొదటి స్టేషన్ నుంచి టికెట్ తీసి బోర్డింగ్ పాయింట్ వినుకొండ పెట్టుకోవడం రూల్స్ ఒప్పుకునే పద్ధతే. చార్జీ కాస్త ఎక్కువ పడుతుంది, ఎక్కే స్టేషన్ బుకింగ్ అప్పుడే పెట్టేయండి. ఒకసారి మార్చాక మళ్లీ మొదటి స్టేషన్‌లో ఎక్కుతానంటే కుదరదు. ఇంకో మాట. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తారు, 2024 నవంబర్ ముందు 120 ఉండేది. సంక్రాంతి టికెట్ గురించి డిసెంబర్‌లో గుర్తు రావడం మన జాతీయ అలవాటు. ఆన్‌లైన్ తత్కాల్‌కి 2025 జులై నుంచి ఆధార్ లింక్ తప్పనిసరి, ఆ పని ఖాళీగా ఉన్నప్పుడే చేసి పెట్టుకోండి. తత్కాల్ తెరిచే నిమిషంలో ఓటీపీ కోసం ఎదురుచూస్తే బెర్తులు అయిపోతాయి.

బండి ఎక్కడుందో చూడటానికి అందరి ఫోన్‌లో ‘వేర్ ఈజ్ మై ట్రైన్’ ఉంటుంది. బెంగళూరులో సిగ్మాయిడ్ ల్యాబ్స్ అనే చిన్న టీమ్ చేసింది, 2018లో గూగుల్ కొనేసింది. బండిలో కూర్చున్నప్పుడు నెట్ లేకపోయినా అది పనిచేస్తుంది, ఎలా? ఫోన్‌కి అందే సెల్ టవర్ ఏదో చూసి బండి ఎక్కడుందో అంచనా వేస్తుంది. నల్లమలలో దిగువమెట్ట, చలమ దగ్గర టవరే అందకపోతే దానికీ ఆధారం ఉండదు. అక్కడ బండి ఆగిపోయినట్టు చూపిస్తే ఇంట్లో వాళ్లు కంగారు పడొద్దు.

రైలు పక్కన పెడదాం. మనలో ఎక్కువమందికి రోజువారీ బతుకు బస్సే. గుంటూరుకి రోడ్డు మీద సుమారు 85 కిలోమీటర్లు, నరసరావుపేట దాదాపు సగం దూరం. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా వచ్చాక కలెక్టరేట్ పని నరసరావుపేటలోనే అయిపోతుంది, ఒక అర్జీ ఇవ్వడానికి గుంటూరు దాకా పోనక్కర్లేదు. కానీ పెద్దాసుపత్రికి, మిర్చి యార్డుకి గుంటూరే. టిక్కీలు లారీలోనో బొలేరోలోనో పోతాయి, రైతు మాత్రం బస్సులో పోతాడు, కాటా టైమ్‌కి అక్కడ ఉండాలి కదా. హైదరాబాద్‌కి కూడా మనకు బస్సే గతి. పిడుగురాళ్ల, దాచేపల్లి దాటి వాడపల్లి దగ్గర కృష్ణ దాటి మిర్యాలగూడ మీదుగా.

2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం ఉంది. ఆడవాళ్లకి, ట్రాన్స్‌జెండర్లకి పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ ఈ ఐదు రకాల్లో ఫ్రీ. ఏపీ అడ్రస్ ఉన్న ఆధార్ లాంటి కార్డు చూపిస్తే కండక్టర్ జీరో టికెట్ ఇస్తారు, అది తీసుకోండి, వదిలేయకండి. సూపర్ లగ్జరీలో, హైదరాబాద్ బస్సులో పనిచేయదు. ఫ్రీ గురించి జరిగే గొడవలోకి నేను వెళ్లను. నాకు తెలిసి అసలు ప్రశ్న చార్జీ ఎంత అని కాదు, బస్సు ఎన్ని సార్లు వస్తుంది అని.

లెక్క చూడండి. ఇరవై నిమిషాలకో బస్సు ఉంటే టైమ్ చూసుకోకుండా స్టాండ్‌కి వచ్చినవాడు సగటున పది నిమిషాలు ఆగుతాడు. రెండు గంటలకో బస్సు ఉంటే గంట. నరసరావుపేట రూట్‌లో మొదటి లెక్క లాగా ఉంటుంది, బొల్లాపల్లి మండలం లోపలి ఊళ్లకి రెండోది, ఇంకా అధ్వానం. టికెట్ జీరో అయినా ఆ గంట జీరో కాదు, కూలి పోతుంది.

అందుకే పల్లెల్లో నైట్ హాల్ట్ బస్సుకి అంత విలువ. రాత్రి ఆఖరి ట్రిప్ ఊళ్లోకి వచ్చి, డ్రైవర్, కండక్టర్ అక్కడే పడుకుని, తెల్లారగట్ల తొలి ట్రిప్ తీస్తారు. పొద్దున్నే ఓపీకి పోవాల్సిన ముసలాయన, కాలేజీ పిల్లలు, కూరగాయల గంప అన్నీ అందులోనే. డిపో లెక్కలో అది సగం ఖాళీగా తిరిగే నష్టం ట్రిప్. దాన్ని ఎత్తేస్తే కాగితం మీద డీజిల్ మిగులుతుంది, ఊళ్లో ఇంటర్ చదివే అమ్మాయి చదువు ఆగుతుంది. మగపిల్లాడైతే ఎవరి బండి మీదో లిఫ్ట్ అడుగుతాడు, అమ్మాయిని ఇంట్లో పంపరు. నేను దీన్ని గట్టిగానే చెప్తాను, ఊరికి ఎక్కువ బస్సులు అడగలేకపోయినా ఆ తొలి బస్సునీ ఆఖరి బస్సునీ మాత్రం పోనివ్వొద్దు. పంచాయతీ తీర్మానంతో డిపో మేనేజర్‌కి అర్జీ ఇవ్వండి, ఎంతమంది ఎక్కుతున్నారో పేర్లతో రాసి ఇవ్వండి.

మిగతా ఖాళీని షేర్ ఆటో నింపుతుంది. నలుగురికి పర్మిట్ ఉన్న ఆటోలో పదిమంది, డ్రైవర్‌కి రెండు పక్కలా వేలాడుతూ ఇద్దరు. మిరపకోతల సీజన్లో కూలీలతో ఇలాగే హైవే ఎక్కుతాయి. డ్రైవర్‌ని తిట్టడం ఈజీ. నిండకపోతే అతనికి గ్యాస్ ఖర్చు రాదు, బస్సు లేకపోతే వాళ్లకి వేరే దిక్కు లేదు. మీరు ఎక్కేటప్పుడు ముందు సీట్లో మాత్రం కూర్చోవద్దు.

కెనడాలో కిచెనర్ వాటర్లూలో చదివే మనవాళ్లు అక్కడి ట్రామ్ వీడియోలు పెడుతుంటారు. 2019లో మొదలైంది, 19 కిలోమీటర్ల లైన్. నాకు నచ్చింది ట్రామ్ కాదు. అక్కడ బస్సు దిగి ట్రామ్ ఎక్కినా అదే టికెట్ నడుస్తుంది. మనకు ఆటోకి ఒకసారి, బస్సుకి ఒకసారి, గుంటూరులో దిగాక ఆసుపత్రికి మళ్లీ ఆటోకి ఒకసారి. దూరం తక్కువున్న ముక్కలకే రేటు ఎక్కువ. పైగా రైల్వే స్టేషన్‌లో అర్ధరాత్రి దిగితే బయట ఆటోవాడు చెప్పిందే రేటు. రైలు టైమ్‌కి ఒక్క బస్సు స్టేషన్ ముందు ఆగితే చాలు, కొత్త పట్టా అక్కర్లేదు, కోట్లు అక్కర్లేదు.

ఒక చిన్న పని చేద్దాం. మీ ఊరికి వినుకొండ నుంచి ఆఖరి బస్సు ఎన్నింటికో, తెల్లారి మొదటిది ఎన్నింటికో కామెంట్‌లో ఊరి పేరుతో రాయండి. నూజెండ్ల, ఈపూరు, శావల్యాపురం, బొల్లాపల్లి వాళ్లు ముఖ్యంగా. అన్నీ ఒక షీట్‌లో పెట్టి లింక్ ఇస్తాను, ఫోన్‌లో ఆఫ్‌లైన్‌లో కూడా తెరుచుకునేలా. ఉంటాను, బై.