అమ్మానాన్నలతో విదేశీ యాత్ర: సూరత్ నుంచి ఏ దారి చౌక?

మగ్గాల పని కోసం తెలంగాణ జిల్లాల నుంచి సూరత్ వెళ్లిన పద్మశాలి కుటుంబాల్లో పెద్ద తరానికి ఇప్పుడు అరవై, డెబ్బై ఏళ్లు దాటాయి. నగర మున్సిపల్ కార్పొరేషన్ తెలుగు మాధ్యమంలో బడులు నడిపేంతగా అక్కడ మనవాళ్లు పాతుకుపోయారు. ఆ పిల్లలు సంపాదనలో పడ్డాక, అమ్మానాన్నలను ఒక్కసారైనా విమానమెక్కించి వేరే దేశం చూపించాలనుకోవడం సహజమే. ఊళ్లోనే విమానం ఎక్కే వీలు కూడా వచ్చింది. షార్జాకు 2019లోనే సర్వీసు మొదలైంది. 2023 డిసెంబరులో విమానాశ్రయానికి అంతర్జాతీయ హోదా దక్కింది, దుబాయ్ తోడైంది. 2024 డిసెంబరు 20న బ్యాంకాక్ విమానం మొదలైంది. (ఆ తొలి ప్రయాణంలో మద్యం అయిపోయిందన్న కబురు దేశమంతా పాకింది. విమాన సంస్థ కాదంది గానీ అప్పటికే జనం నవ్వుకోవడం అయిపోయింది.)

అయినా చాలామంది టికెట్ ముంబై నుంచే చూస్తారు. అక్కడ విమానాలు ఎక్కువ, పోటీ ఎక్కువ, కాబట్టి తరచూ ధర తక్కువ. కానీ ఆ తేడాలోంచి సూరత్ నుంచి రైలు ఛార్జీలు, బోరివలీలో దిగి విమానాశ్రయానికి ట్యాక్సీ, అర్ధరాత్రి విమానమైతే హోటల్ గది తీసేయాలి. రైళ్లలో వయోవృద్ధుల రాయితీ 2020 మార్చిలో పోయింది, మళ్లీ రాలేదు. ఇవన్నీ లెక్కేస్తే మిగిలేది తరచూ స్వల్పమే. అది కూడా పన్నెండేసి గంటల షిఫ్టుల్లో మగ్గాల మధ్య నిలబడి అరిగిపోయిన మోకాళ్ల మీద మిగిల్చిన సొమ్ము.

పెద్ద విమానాశ్రయంలో నడక ఎంత ప్రమాదమో 2024 ఫిబ్రవరిలో ముంబైలో తేలింది. న్యూయార్క్ నుంచి దిగిన 80 ఏళ్ల ప్రయాణికుడు, ఒకే వీల్‌చైర్ రావడంతో భార్యను అందులో కూర్చోబెట్టి తాను పక్కన నడిచాడు. ఇమిగ్రేషన్ దగ్గర కుప్పకూలి చనిపోయాడు. డీజీసీఏ ఆ విమాన సంస్థకు 30 లక్షల రూపాయల జరిమానా వేసింది. అందుకే వీల్‌చైర్ ఇద్దరికీ విడివిడిగా, కనీసం 48 గంటల ముందే అడగాలి. ‘నాకెందుకురా, నేను నడుస్తా’ అనే నాన్నకు కూడా రాయించాలి.

అన్నిటికంటే తక్కువ ఖర్చు దేశం నేపాల్. పశుపతినాథుని దర్శనం మాట వస్తే పెద్దవాళ్లు కాదనరు. 65 దాటిన భారతీయులు పాస్‌పోర్టు లేకుండా ఆధార్‌తోనే వెళ్లొచ్చు. వెంట వెళ్లే కొడుకుకూ కూతురికీ మాత్రం పాస్‌పోర్టో ఓటరు కార్డో ఉండాలి. అయితే ఈ చౌకలో ఒక మెలిక ఉంది. సూరత్ నుంచి గోరఖ్‌పూర్‌కు రైల్లో ఒక రోజుకు పైగా, తర్వాత సోనౌలీ సరిహద్దు, ఆపై కాఠ్‌మాండూ దాకా కొండదారి. డబ్బు తక్కువ, ఒంటికి శిక్ష ఎక్కువ. పోతూ రైలెక్కినా ఢిల్లీ నుంచి కాఠ్‌మాండూ విమానం తీసుకుంటే ఆ ఖర్చు దండగ కాదు. ముక్తినాథ్ దాదాపు 3,700 మీటర్ల ఎత్తులో ఉంది. గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవాళ్లు డాక్టరును అడగకుండా దాన్ని జాబితాలో చేర్చకూడదు.

మిగతా దేశాలకు పాస్‌పోర్టు తప్పదు. 60 దాటినవారికి కొత్త పాస్‌పోర్టు ఫీజులో 10 శాతం తగ్గింపు ఉంది. అసలు చిక్కు పేరు దగ్గర వస్తుంది. మన కాగితాల్లో ఇంటిపేరు ముందు ఒక్క అక్షరంగా ఉంటుంది. గుజరాత్‌లో చేయించిన కాగితాల్లో తండ్రి లేదా భర్త పేరు మధ్యలో, ఇంటిపేరు చివర. ఆధార్ ఒకలా, పాన్ మరోలా ఉన్న అమ్మలకు ముందు వాటిని సరిచేయించాలి. ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేస్తే దుబాయ్, షార్జా దారిలో ఇబ్బంది. ఒకే పేరున్న పాస్‌పోర్టులపై 2022 నవంబరులో యూఏఈ అభ్యంతరం చెప్పింది. రెండో పేజీలో తండ్రి పేరో ఇంటిపేరో ఉంటే చాలని తర్వాత సడలించింది. థాయిలాండ్ 2023 నవంబరు నుంచి భారతీయులకు వీసా అక్కర్లేదంది. గడువు నిబంధనలు మారుతున్నాయి కనుక టికెట్ కొనేముందు చూసుకోవాలి. 2025 మే నుంచి అక్కడికి వెళ్లేవారు ముందుగా ఆన్‌లైన్‌లో డిజిటల్ అరైవల్ కార్డు నింపాలి. అది ఉచితం, డబ్బడిగే వెబ్‌సైట్ల జోలికి వెళ్లనక్కర్లేదు.

ఏజెంటు దగ్గర టికెట్, హోటల్ కలిపి ప్యాకేజీగా కొంటే టీసీఎస్ కట్టించుకుంటారు. పన్ను పరిధిలో లేని తల్లిదండ్రుల పాన్ మీద అది పడితే రిటర్ను దాఖలు చేస్తేనే తిరిగొస్తుంది. ఈ సంగతి చాలామంది ఏజెంట్లు చెప్పరు.

బడ్జెట్‌ను నిజంగా ముంచేది ఆసుపత్రి బిల్లు. ప్రయాణ బీమా ప్రీమియం వయసుతో పెరుగుతుంది, దాన్ని తగ్గించుకోవడానికి షుగరు, బీపీ దాచేవాళ్లున్నారు. అలా దాస్తే క్లెయిమ్ తిరస్కరించడానికి కంపెనీకి అదొక్కటే చాలు. చెప్పినా, పాత జబ్బులను ప్రాణం మీదికొస్తేనే భరించే పాలసీలు ఎక్కువ. ఆ షరతు చదివాకే కొనాలి.

మందులు చేతిసంచిలో, వాటి అట్టపెట్టెలతో, డాక్టరు చీటీతో ఉండాలి. మోకాళ్ల నొప్పికి వాడే ట్రమడాల్, కోడీన్ కలిసిన దగ్గుమందు యూఏఈలో నియంత్రిత జాబితాలో ఉన్నాయి, ముందస్తు అనుమతి కావాలి. అమ్మ సర్దే మసాలా పొట్లాల్లో గసగసాలు లేకుండా చూడాలి. అక్కడ అవి నిషిద్ధం. ఆవకాయ సీసాకు మాత్రం అభ్యంతరం లేదు, గట్టిగా మూతపెట్టి చెకిన్ బ్యాగులో వేస్తే సరి.