కోలుకునే శరీరానికి తోడు, ఇంటిల్లిపాదికీ ఆట: టేబుల్ టెన్నిస్

పక్షవాతం నుంచి కోలుకుంటున్న దాదా, షుగర్ ఉన్న అమ్మీ, రోజంతా ఫోన్ వదలని పిల్లవాడు. ఈ ముగ్గురూ కలిసి ఆడగలిగే ఆట ఏదైనా ఉందా? ఉంది. అదే టేబుల్ టెన్నిస్.

బంతి బరువు 2.7 గ్రాములే. బల్ల పొడవు 9 అడుగులు. ఎదుటివారిని గుద్దుకునే భయం లేదు, ఎండావానలతో పని లేదు. ఓపిక ఉన్నవారు జోరుగా ఆడతారు, లేనివారు నెమ్మదిగా బంతిని అటూ ఇటూ పంపుకుంటారు.

ఒంటికి ఏం మేలు?

బంతి ఎటు వస్తుందో కన్ను చూడాలి, మెదడు క్షణంలో తేల్చుకోవాలి, చెయ్యి, కాలు వెంటనే కదలాలి. ఆడినంతసేపూ ఇదే పని. పెద్దలు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 65 ఏళ్లు దాటినవారు తూలి పడకుండా ఉండేందుకు వారానికి 3 రోజులైనా నిలకడ పెంచే వ్యాయామం చేయాలంటోంది. పక్కలకు అడుగులేస్తూ ఆడే ఈ ఆటలో ఆ రెండూ కలిసొస్తాయి.

చికిత్సలో ఆట

వెన్నెముక దెబ్బతిన్న సైనికులకు ఇంగ్లండ్‌లోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో డాక్టర్ లుడ్విగ్ గట్‌మన్ ఆటలనే చికిత్సలో భాగం చేశారు. ఆ బాటలోనే పారాలింపిక్స్ పుట్టాయి. 1960లో రోమ్‌లో జరిగిన మొదటి పోటీల్లోనే టేబుల్ టెన్నిస్ ఉంది. చిన్నప్పుడే పోలియో సోకిన గుజరాత్ క్రీడాకారిణి భవీనా పటేల్, చక్రాల కుర్చీలో కూర్చునే ఆడి టోక్యో పారాలింపిక్స్‌లో రజతం గెలిచారు. ఈజిప్టుకు చెందిన ఇబ్రహీం హమద్తూ పదేళ్ల వయసులో రైలు ప్రమాదంలో రెండు చేతులూ పోగొట్టుకున్నారు. బ్యాటు నోట కరచుకుని, కాలి వేళ్లతో బంతి ఎగరేసి సర్వీస్ చేస్తూ 2016 రియో పారాలింపిక్స్ దాకా వెళ్లారు.

వణుకుడు జబ్బు, అంటే పార్కిన్సన్స్ ఉన్నవారికి 2019లో న్యూయార్క్ రాష్ట్రంలో ప్రపంచ పోటీలే పెట్టారు. ఆట ఆ జబ్బును నయం చేయదు. మందులు మానకూడదు. అయితే కదలికకు సాధన, మనసుకు హుషారు దొరుకుతాయి.

నలుగురితో కలవడం

జబ్బు చేసిన మనిషి మెల్లగా గదికే పరిమితమైపోతాడు. అందరూ పలకరిస్తారు గానీ, పక్కన కూర్చుని ఏదైనా చేసేవారు తక్కువ. బల్లకు అటు ఒకరు, ఇటు ఒకరు నిలబడితే ఆ దూరం తగ్గుతుంది. పైగా ఈ ఆట మనకు కొత్తదేం కాదు. హైదరాబాద్ ఆటగాడు మీర్ ఖాసిం అలీకి 1969లో అర్జున అవార్డు దక్కింది. ఇదే నగరం అమ్మాయి ఆకుల శ్రీజ 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఆడింది.

మొదలుపెట్టే ముందు

గుండె జబ్బు, పక్షవాతం, కంటి సమస్య ఉన్నవారు డాక్టర్‌ను అడిగాకే ఆడాలి. నిలబడలేనివారు కుర్చీలో కూర్చుని ఆడవచ్చు. అలాంటప్పుడు పక్కన ఒకరు ఉండాలి. షుగర్ ఉన్నవారు బూట్లు వేసుకోవాలి, కళ్లు తిరిగితే తినడానికి తీపి దగ్గర పెట్టుకోవాలి. తొలిరోజుల్లో 10 నిమిషాలు చాలు.

పెద్ద బల్ల కొనక్కర్లేదు. ఇంట్లో భోజనాల బల్లకు చిన్న నెట్ బిగించినా ఆట మొదలవుతుంది. బస్తీ కమ్యూనిటీ హాల్లో ఒక బల్ల వేసి, ఆడవాళ్లకు విడిగా ఒక సమయం, అసర్ నమాజు తర్వాత పెద్దవాళ్లకు ఒక గంట కేటాయిస్తే, గదిలో ఒంటరిగా కూర్చున్నవారు కూడా బయటికి వస్తారు.