టెర్మినలు తెరపై తెలుగు లిపి వైకల్యము: కారణ విచారము

గ్రంథ పరిష్కర్తలకు ఒక నియమము సుపరిచితము. ప్రతిలో అర్థము పొసగని పాఠము కన్పట్టినంతనే దానిని దిద్దరాదు. తప్పు మూలమునందున్నదా, లేఖకుని చేతిలో పుట్టినదా, చదువుచున్న మన దృష్టిలోనిదా యని ముందుగా విచారింపవలెను. కంప్యూటరు తెరపై కన్పించు తెలుగు పాఠమునకును ఈ నియమమే వర్తించునని చూపుట ఈ వ్యాసోద్దేశము.

ఆజ్ఞలను టైపుచేసి ఫలితమును అక్షరరూపముననే పొందు గవాక్షమునకు టెర్మినలు అని పేరు. పాఠభేదములను వెదకుటకు, పదములను లెక్కించుటకు, ఆరోపములను వరుసపరచుటకు ఇది పరిశోధకులకు మిక్కిలి ఉపకరించును. లినక్సు ఆపరేటింగు సిస్టమును కొత్త కూర్పునకు మార్చిన పిదప, ఈ గవాక్షమున తెలుగు పేర్లు ప్రశ్నార్థకములుగనో అంకెల వరుసలుగనో మారి కన్పించుట మేము పలుమార్లు చూచితిమి. ఒక పరిశోధక విద్యార్థి తన పాఠభేద పట్టిక చెడిపోయినదని తలచి, మార్పిడి సాధనముతో దానిని బాగుచేయబూని, ఆ రూపముననే భద్రపరచెను. అంతవరకు చెక్కుచెదరని ఫైలు నిజముగా చెడినది అప్పుడే.

ఇట్లేల జరిగినదో తెలియుటకు పాఠము ఫైలులో నుండు రీతిని గమనింపవలెను. యూనికోడునందు తెలుగునకు 128 స్థానములు గలవు. ఆ సంకేతములను బైట్లుగా వ్రాయు పద్ధతులలో యూటీఎఫ్-8 ముఖ్యమైనది. దీనిని 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ అనువారు రూపొందించిరి. ఇందు ప్రతి తెలుగు సంకేతమునకు మూడు బైట్లు పట్టును. ఎనిమిది ఆధారముగా గల సంఖ్యామానమున వ్రాసినచో మొదటి బైటు ఎల్లప్పుడు 340. రెండవది 260 గాని 261 గాని అగును. మూడవది సంకేతమునుబట్టి మారును. తకారము 340, 260, 244.

ఈ బైట్లు కంటికి అక్షరములై చేరుటకు మూడు మెట్లు దాటవలెను. బైట్లను ఏ పద్ధతిగా గ్రహింపవలెనో ప్రోగ్రామునకు తెలుపునది లొకేలు. ప్రోగ్రాము పంపినదానిని గడులలో నిలుపునది టెర్మినలు. అక్షరాకృతి నొసగునది ఫాంటు. సిస్టము మార్పిడి ఈ మూడింటిలో దేనినైనను కదల్పవచ్చును; మన ఫైలును మాత్రము సాధారణముగా ముట్టదు.

కావున ప్రథమ కర్తవ్యము ఫైలు పరీక్ష. 'ఓడీ' అను ఆజ్ఞకు హైఫన్, 'సీ' చేర్చి ఫైలు పేరిచ్చినచో బైట్లు కన్పించును. 340 వెంట 260 లేక 261 వరుసగా వచ్చుచున్నచో పాఠము క్షేమము; దోషము తెరది. 303, 240 వెంట 302, 260 వంటి జంటలు వచ్చుచున్నచో, ఎవరో పాఠమును వేరొక పద్ధతిగా పొరబడి చదివి తిరిగి యూటీఎఫ్-8గా వ్రాసిరని గ్రహింపవలెను. మూడు బైట్ల సంకేతము ఆరు బైట్లైనది. ఇది 'ఐకాన్వ్' అను ఆజ్ఞతో తిరుగు మార్పిడి చేసినచో పెక్కుసార్లు చక్కబడును. అక్షరముల స్థానమున ప్రశ్నార్థకములే భద్రమై యున్నచో ఉద్ధారము లేదు. పాత నకలే శరణ్యము.

తెర దోషమును లక్షణమునుబట్టి గుర్తింపవచ్చును. ప్రశ్నార్థకములు గాని, 340తో మొదలగు అంకెలు గాని కన్పించినచో లొకేలు లోపించినదని అర్థము. 'లొకేల్' అను ఆజ్ఞ నెలకొన్న విలువలను చూపును. దానికి హైఫన్, 'ఏ' చేర్చినచో సిస్టమునందు లభించు లొకేళ్ల పట్టిక వచ్చును. కోరినది పట్టికలో లేకున్నచో, డెబియన్ వర్గపు సిస్టములలో 'లొకేల్-జెన్' ఆజ్ఞతో దానిని నిర్మింపవలెను. తెలుగు లొకేలే కానక్కరలేదు. యూటీఎఫ్-8 గల ఏ లొకేలైనను చాలును. 'ఎల్‌సీ ఆల్' అను చలరాశి తక్కినవాని నన్నిటిని త్రోసివేయును గనుక అది తప్పుగా నిలిచియున్నదేమో చూడవలెను.

ఒక్కొక్క సంకేతమునకు మూడేసి విదేశీ చిహ్నములు కన్పించినచో టెర్మినలు అమరికలలో లిపిపద్ధతిని యూటీఎఫ్-8కు మార్చవలెను. ఖాళీ పెట్టెలు కన్పించినచో లోహిత్ తెలుగు, నోటో సాన్స్ తెలుగు వంటి ఫాంటును స్థాపింపవలెను. బాణపు మీటలు నొక్కగా పిచ్చి అక్షరములు పడుచున్నచో 'టెర్మ్' అను చలరాశిలోని పేరు సిస్టమునకు తెలియదేమో యని పరిశీలింపవలెను. గీతల చిహ్నములతో తెర నిండిపోయినచో 'రీసెట్' అను ఆజ్ఞ చాలును.

ఇవన్నియు చక్కబడినను ఒక చిక్కు మిగులును. 'స్త్రీ' అనునది మనకు ఒక్క అక్షరము. యూనికోడునందు అది ఆరు సంకేతములు, పదునెనిమిది బైట్లు. హల్లునకొక గడి చొప్పున లెక్కించు టెర్మినలునకు మూడు గడులు. సమాన వెడల్పు గల గడులలో రోమను అక్షరములను నిలుపుటకు ఏర్పడిన యంత్రమునకు మన సంయుక్తాక్షరము ఇముడదు. అందుచే వత్తులు విడిపోవుట, కర్సరు స్థానము తప్పుట సంభవించును. మార్పిడి పిదప ప్రోగ్రాముల వెడల్పు పట్టికయు టెర్మినలు పట్టికయు భిన్నమైనచో ఇది హెచ్చగును. దీనిని అమరికలతో పూర్తిగా తొలగింపజాలము. వెదకుట, లెక్కించుట టెర్మినలునందు జరిపి, చదువుట, దిద్దుట సంయుక్తాక్షరములను సరిగా కూర్చు ఎడిటరునందు జరుపుట మేలని మా అభిప్రాయము.

పరిశోధక విద్యార్థులకు మా సూచన యొక్కటే. సిస్టమును మార్చుటకు ముందు ఫైళ్లకు నకలు తీయుడు. మార్చిన పిదప తెర వికృతమైనచో బైట్లను చూడక ఏ ఫైలును దిద్దకుడు. ఏండ్ల తరబడి సేకరించిన పాఠములు తెర దోషమునకు బలి కారాదు.